కంప్యూటర్ల కట్టుబాట్లు: వాని పని యెంత, మన జాగ్రత్త యెంత

సహకార సంఘమునకు మూలధనము దేహమైన, నిబంధనలు ప్రాణము. వాటా ధనమెంత, అప్పునకు పరిమితి యెంత, మహాజన సభ యెప్పుడు కూడవలెను, లెక్కల నెవరు తనిఖీ చేయవలెను అను విషయములు ముందుగా వ్రాసికొని, అందరును వానికి లోబడి నడచినప్పుడే, ముఖపరిచయము లేని సభ్యులు సయితము ఒకరినొకరు నమ్మి తమ సొమ్మును సంఘమున నుంచుదురు. ఈ సంగతి మన పాఠకులకు క్రొత్త గాదు. అయితే నేడు సంఘపు గుమాస్తా బల్లమీది కంప్యూటరును, రైతు జేబులోని ఫోనును గూడ ఇట్టి నిబంధనల చేతనే నడచుచున్నవని చాలమందికి తెలియదు. ఈ నెల వానినిగూర్చి విన్నవింపదలచినాము.

2022 వ సంవత్సరము జూన్ నెలలో కేంద్ర మంత్రివర్గము దేశమందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరీకరించుటకు 2,516 కోట్ల రూపాయల పథకము నామోదించినది. 2016 లో నారంభమైన యు.పి.ఐ. పద్ధతి వలన ఎరువుల కొట్టులోను, సంతలోను ఫోనుతో సొమ్ము చెల్లించుట వాడుకయైనది. లెక్కలు పుస్తకములనుండి తీగల కెక్కినవి. వాని వెంట దొంగలును తీగల కెక్కినారు. తాళపు గుర్తు కనబడినది గదా యని నమ్మి, బ్యాంకు పేరున్నది గదా యని నొక్కి, సొమ్ము పోగొట్టుకొనువారు గలరు. ఏ నిబంధన ఏ పనికొర కేర్పడినదో, దాని బాధ్యత యెచ్చట ముగియునో తెలిసినయెడల ఇట్టి నష్టములలో పెక్కింటిని తప్పించుకొనవచ్చును. ఈ వ్యాసమునకు ప్రయోజన మదియే.

కట్టుబాటనగా నేమి?

మాటలాడు రెండు యంత్రములను వేర్వేరు కంపెనీలు, వేర్వేరు దేశములలో చేసియుండవచ్చును. కావున సంభాషణ యెట్లు మొదలిడవలెను, చిరునామా యెచ్చట వ్రాయవలెను, త్రోవలో పోయినదాని నెట్లు తిరిగి తెప్పించుకొనవలెను, ముగింపు నెట్లు తెలుపవలెను అనునవి ముందే నిశ్చయమై యుండవలెను. ఇట్టి నిశ్చయమునకు ఇంగ్లీషున ప్రోటోకాలని పేరు. చెరువు నీటిని వంతులవారీగా పారించుకొనుటకు గ్రామస్థులు చేసికొను కట్టుబాటు వంటిదే యిది. కనుక ఇందు దానిని కట్టుబాటనియే వ్యవహరింతుము.

ఈ కట్టుబాట్లు ఏ యొక్క ప్రభుత్వమో, ఏ యొక్క కంపెనీయో విధించినవి గావు. 1969 ఏప్రిల్ నెలలో అమెరికాలో స్టీవ్ క్రాకరు అను యువకుడు ‘అభిప్రాయములు కోరు పత్రము’ అను పేర మొదటి పత్రము వ్రాసి తోడివారికి పంపెను. నాటినుండి ఇట్టివి వేలకొలది వెలువడినవి, వానిని ఆర్.ఎఫ్.సి. పత్రములందురు. ఎవరైనను వానిని ఉచితముగా చదువవచ్చును. లోపము కనిపెట్టినవారు చెప్పవచ్చును. 1986 లో నేర్పడిన ఐ.ఇ.టి.ఎఫ్. అను సమితి నేడీ పని జరుపుచున్నది. అందు ఓట్లు లెక్కించి తీర్మానించుట లేదు. సుమారుగా అందరును సమ్మతించినదియు, యంత్రములపై పనిచేసి చూపినదియు నిలుచును. సహకార పద్ధతి యెరిగినవారి కిది వింతగా తోపదు.

మొదటి సందేశము

1969 అక్టోబరు 29 న లాస్ ఏంజిలీసులోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునుండి స్టాన్‌ఫర్డు పరిశోధనాలయమునకు, అర్పానెట్టు అను యంత్రముల వలమీద మొదటి సందేశము పంపిరి. పంపదలచిన మాట ‘లాగిన్’. దాని ఇంగ్లీషు అక్షరములలో ‘ఎల్’, ‘ఓ’ అను రెండు చేరినంతనే యంత్రము నిలిచిపోయెను. సుమారొక గంట తరువాత మాట పూర్తిగా చేరెను.

కొలదికాలములోనే ఇట్టి వలలు పెక్కు పుట్టినవి. తీగలమీద నొకటి, రేడియోమీద నొకటి, ఉపగ్రహముమీద నొకటి. ఒకదాని పద్ధతి మరియొకదానికి పొసగదు. 1974 లో వింటన్ సెర్ఫు, రాబర్టు కాను అనువారు వీని నన్నిటిని కలుపగల ఉమ్మడి కట్టుబాటును ప్రకటించిరి. తరువాత నది టి.సి.పి. యనియు, ఐ.పి. యనియు రెండుగా విడివడినది. 1983 జనవరి 1 న అర్పానెట్టు తన పాతపద్ధతిని విడిచి దీనికి మారెను. మన దేశము వీశెలు, మణుగులు విడిచి కిలోగ్రాములకు మారినట్టి మార్పిది. మన దేశమున 1995 ఆగస్టు 15 న ప్రజలకు ఇంటర్నెట్టు సేవ యారంభమైనది. నాటి కట్టుబాట్లే కొన్ని దిద్దుబాట్లతో నేటికిని మన ఫోనులలో పనిచేయుచున్నవి.

ఐ.పి.: పొట్లము, చిరునామా

ధాన్యమును పట్నమునకు పంపవలెనన్న రాశిగా పంపము. బస్తాలు కట్టి, బస్తాకొక గుర్తు వ్రాసి బండ్ల కెత్తుదుము. కంప్యూటరును అట్లే సందేశమును చిన్న పొట్లములుగా విడదీయును. సాధారణముగా ఒక్కొక్క పొట్లము 1,500 బైట్లకు మించదు. బైటనగా కంప్యూటరు కొలతలో నొక చిన్న మానిక. అందు 40 బైట్లు చిరునామా మొదలగు పైవ్రాతలకు పోవును. తెలుగు లిపియందలి ఒక్కొక్క గుర్తుకు సాధారణముగా మూడు బైట్లు పట్టును గాన, ఒక పొట్లములో సుమారు 480 తెలుగు గుర్తులు ఇముడును. తెగులు సోకిన మిరపాకు ఛాయాచిత్రము 30 లక్షల బైట్లున్నచో, అది రెండువేలకు పైగా పొట్లములై బయలుదేరును.

త్రోవలో రౌటర్లను కూడలి యంత్రములుండును. కూడలి యంత్రము పొట్లముమీది చిరునామాను మాత్రము చూచి, దానికి తగిన దారిలోనికి త్రోయును. ముందు వచ్చినది ఒక దారిని, వెనుక వచ్చినది మరియొక దారిని పోవచ్చును. ప్రతి పొట్లముమీదను ఒక అంకె యుండును. కూడలి దాటినప్పుడెల్ల దానినుండి ఒకటి తగ్గింపబడును; సున్న యైనచో పొట్లము పారవేయబడును. త్రోవ తప్పినవి కలకాలము తిరుగుచు దారిని క్రమ్మకుండుటకే యీ యేర్పాటు.

చిరునామా లంకెలుగా నుండును. నాలుగవ కూర్పనబడు పద్ధతిలో మొత్తము సుమారు 429 కోట్ల చిరునామాలు మాత్రమే గలవు. 2011 ఫిబ్రవరి 3 న వాని ప్రపంచ నిల్వలోని చివరి భాగములు పంచబడినవి. అందువలన మిక్కిలి విస్తారమైన ఆరవ కూర్పు వాడుకలోనికి వచ్చుచున్నది. మనము వైఫై పరిధిలోనికి పోయినప్పుడు అచ్చటి యంత్రము మన ఫోనున కొక చిరునామాను గడువు పెట్టి కౌలు కిచ్చును. ఈ పని చేయు కట్టుబాటునకు డి.హెచ్.సి.పి. యని పేరు.

ఐ.పి. పని పొట్లమును గమ్యమువైపు త్రోయుట వరకే. అది చేరుననిగాని, వరుసగా చేరుననిగాని, త్రోవలో నెవరును చదువరనిగాని అది హామీ యియ్యదు.

టి.సి.పి.: లెక్క, రసీదు

ఐ.పి. విడిచిన భారమును టి.సి.పి. మోయును. ముందుగా రెండు యంత్రములును మూడు మాటలలో పరిచయము చేసికొనును: ‘మాటలాడుదమా’ యని మొదటిది, ‘విన్నాను, నీవును విను’ మని రెండవది, ‘విన్నాను’ అని మరల మొదటిది. పిమ్మట పంపు సరకునకెల్ల వరుస సంఖ్య యుండును. చేరినదానికి రసీదు రావలెను. గడువులోపల రసీదు రానిచో పంపినవాడు మరల పంపును. వరుస తప్పి వచ్చినవానిని ఆవలి యంత్రము సరిచేసికొనును. రెండుమారులు వచ్చినదానిని తొలగించును. గోదాములో బస్తాల సంఖ్య సరిచూచి రసీదు వ్రాయు గుమాస్తా పని యిదియే.

అన్ని పనులకును ఈ రసీదుల తంతు తగదు. మాటలాడుచుండగా ఒక ముక్క పోయిన సర్దుకొనవచ్చును. పోయిన ముక్క ఆలస్యముగా వచ్చిన మాట చెడును. అట్టి పనులకు రసీదు లేని యు.డి.పి. యను కట్టుబాటు 1980 లో నేర్పడినది. ఫోను తెరమీద ముఖము చూచుచు మాటలాడునప్పుడు నడుమనడుమ బొమ్మ చెదరుటకు ఇదియు నొక కారణము.

ఇచ్చట నొక చరిత్ర చెప్పదగియున్నది. 1986 అక్టోబరులో, కాలిఫోర్నియాలో సుమారు 400 గజముల దూరమున నున్న రెండు సంస్థల నడుమ, సెకనుకు 32,000 బిట్ల చొప్పున నడచుచున్న రాకపోకలు అకస్మాత్తుగా 40 బిట్లకు పడిపోయినవి. బైటులో నెనిమిదవ వంతు బిట్టు. తీగ తెగలేదు, యంత్రము చెడలేదు. దారి క్రిక్కిరిసి కొన్ని పొట్లములు పోగా, రసీదు రాలేదని ప్రతి యంత్రమును మరల మరల పంపసాగెను. దానితో క్రిక్కిరియుట మరింత హెచ్చెను. వాన్ జాకబ్‌సన్ అను శాస్త్రజ్ఞుడు 1988 లో పరిహారము ప్రకటించెను. ప్రతి యంత్రమును మొదట కొలదిగా పంపవలెను; రసీదులు సక్రమముగా వచ్చుచున్నచో క్రమముగా హెచ్చింపవలెను; పొట్లము పోయినదని తెలిసిన వెంటనే తన వేగమును తానే తగ్గించుకొనవలెను. పై రైతులు తూములన్నియు ఎత్తివేసిన కాలువ చివరి భూములకు నీరందదు గదా! పై అధికారి యెవరును లేకయే, ఎవరి తూమును వారే కొంత దించుకొను కట్టుబాటిది. నేడు కోటానుకోట్ల ఫోనులు ఒకే దారిలో పోగలుగుటకు ఈ స్వయంనిగ్రహము ముఖ్యాధారము.

టి.సి.పి. హద్దునుగూడ గుర్తింపవలెను. ఒక పొట్లము రెండుమారులు చేరకుండ అది చూడగలదు. మనమొక చెల్లింపును రెండుమారులు కోరినచో అవి రెండును దాని దృష్టిలో వేర్వేరు కోరికలే. తెర కదలక నిలిచినప్పుడు పోయిన పొట్లములను యంత్రమే తిరిగి పంపుకొనును. అట్టియెడ తొందరపడి మరల సొమ్ము పంపరాదు. మొదటి చెల్లింపు ఏమైనదో ఖాతా లెక్కలో చూచుకొని, తరువాత నిర్ణయింపవలెను.

డి.ఎన్.ఎస్.: పేర్ల పట్టిక

అంకెల చిరునామాలు మనుష్యులకు గుర్తుండవు. మొదట పేర్లును, వాని అంకెలును గల ఒకే పట్టికను స్టాన్‌ఫర్డు పరిశోధనాలయములో నుంచి అందరును దానిని తెప్పించుకొనెడివారు. యంత్రములు పెరిగినకొలది ఆ పద్ధతి సాగదాయెను. 1983 లో పాల్ మొకపెట్రిస్ అను నతడు పట్టికను శాఖలుగా పంచెడి డి.ఎన్.ఎస్. పద్ధతిని రూపొందించెను. జిల్లా, తాలూకా, గ్రామము అను వరుసలో భూమి లెక్కలున్నట్లు, ఎవరి శాఖను వారే నడుపుకొందురు.

ఈ పేర్లను కుడినుండి ఎడమకు చదువవలెను. ఈ యొక్క సంగతి జ్ఞాపకముంచుకొన్నవానిని మోసగించుట కష్టము. కవరుమీద పైవరుసలో పెద్దమనిషి పేరెవరైనను వ్రాయవచ్చును. ఉత్తరము పోవుట చివరివరుసలోని ఊరికే. ఇచ్చటను అంతే. పేరునందలి భాగములను చుక్కలు విడదీయును. చిట్టచివర ఐ.ఎన్. అను రెండక్షరములున్న అది మన దేశపు శాఖ. దానికి ముందు జి.ఓ.వి. యని యున్న అది ప్రభుత్వ కార్యాలయముల శాఖ. ఇక వంచకుడు చేయు పని యేమన, ఎడమవైపున మన బ్యాంకు పేరు వ్రాసి, కుడివైపున ‘ఫలానా, చుక్క, కామ్’ అని తాను కొన్న పేరుంచును. మన కన్ను ఎడమన నున్న పేరు చూచి తృప్తిపడును. ఫోను కుడిన నున్న వంచకుని యింటికి పోవును. మొదట వచ్చు జంట యేటవాలు గీతలను విడిచి, ఆ తరువాత వచ్చు ఏటవాలు గీత వరకే పేరు. దానికి ఆవల నేమి వ్రాసియున్నను అది పేరు గాదు.

ఈ మోసమును అరికట్టుటకే భారతీయ రిజర్వు బ్యాంకు, మన దేశపు బ్యాంకులు తమ పేర్లను 2025 అక్టోబరు 31 లోపల ‘బ్యాంక్, చుక్క, ఐ.ఎన్.’ అను శాఖ క్రిందికి మార్చుకొనవలెనని ఆదేశించినది. ఆ శాఖలో పేరు బ్యాంకులకు మాత్రమే దొరకును. కావున బ్యాంకు పని చూచుకొనునప్పుడు పేరు చివర నీ భాగమున్నదా యని చూచుట మంచిది.

హెచ్.టి.టి.పి., దానిపై ముద్ర

పేరునకు అంకె దొరికిన పిదప, పుటను అడిగి తెచ్చుకొనుట హెచ్.టి.టి.పి. పని. జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనాలయములో టిమ్ బెర్నర్స్ లీ అను నతడు 1989 మొదలు 1991 వరకు దీనిని నిర్మించెను. ‘ఈ పుట నిమ్ము’ అని మన ఫోను అడుగును. ఆవలి యంత్రము ఒక అంకెతో బదులు చెప్పును. 200 అన్న ‘ఇదిగో’ యని; 404 అన్న ‘అట్టి పుట నాయొద్ద లేదు’ అని అర్థము. ఒకప్పుడు ఈ ప్రశ్నయు, జవాబును పోస్టుకార్డువలె తెరచియుండెడివి. దారిలోనివారు చదువవచ్చును, దిద్దవచ్చును.

కార్డును కవరులో పెట్టి ముద్రవేయు పద్ధతిని 1995 లో నెట్‌స్కేప్ కంపెనీ తెచ్చెను. 1999 లో అది టి.ఎల్.ఎస్. అను బహిరంగ కట్టుబాటైనది. 2018 లో దాని 1.3 వ కూర్పు వెలువడినది. ఈ ముద్రగల హెచ్.టి.టి.పి. నే చివర ‘ఎస్’ చేర్చి వ్రాయుదురు. ఇది మూడు పనులు చేయును. త్రోవలో నెవరును చదువకుండ చూచును. ఎవరైన దిద్దినచో పట్టుకొనును. పైన వ్రాసిన పేరు గలవానితోడనే మాటలాడుచున్నామని ధ్రువపత్రము చూపించును.

ఇచ్చటనే మిక్కిలి జాగ్రత్త కావలయును. ఆ ధ్రువపత్రము పేరునకే గాని నడవడికి గాదు. వంచకుడును తాను కొన్న పేరునకు ధ్రువపత్రము పొందవచ్చును. ఖర్చు లేకుండనే యిచ్చు సంస్థలు గలవు. ముద్రవేసిన కవరు వంచకుని యింటికి భద్రముగా చేరును, అంతే. తాళపు గుర్తును చూచి జనులు నమ్మదగినవారని భ్రమపడుచున్నారని గ్రహించి, గూగుల్ వారు 2023 లో తమ క్రోము నుండి ఆ గుర్తును తీసి వేరొక గుర్తు నుంచిరి.

ఉత్తరములు, దస్త్రములు

మెయిలు ఉత్తరములను మోయు ఎస్.ఎం.టి.పి. కట్టుబాటును 1982 లో జాన్ పోస్టెల్ వ్రాసెను. పంపినవారి పేరు నిజమా యని విచారించు ఏర్పాటు మొదట దానియందు లేదు. ఆ విచారణకై తరువాత వేరు కట్టుబాట్లు చేర్చిరి. అయినను పేరు చూచినంతనే నమ్మరాదు. దస్త్రములను ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు చేర్చు ఎఫ్.టి.పి. కట్టుబాటును 1971 లో మొదట వ్రాసినవాడు భారతీయుడగు అభయ్ భూషణ్, కాన్పూరు ఐ.ఐ.టి. లో చదివినవాడు. మనవాని చేయి ఆ తొలిదినములలోనే ఇందున్నదని యెరుగుట సంతోషకరము.

సభ్యులకు మనవి

పైన చెప్పినదాని సారాంశమిది. ఐ.పి. దారి చూపును, టి.సి.పి. లెక్క సరిచూచును, డి.ఎన్.ఎస్. పేరునకు చిరునామా చెప్పును, టి.ఎల్.ఎస్. కవరునకు ముద్రవేయును. ఇవి నాలుగును తమ పని తప్పక చేసినను, మనమే వంచకుని యింటి కుత్తరము వ్రాసినచో అది వంచకునికే చేరును. దారికి కట్టుబాట్లు పూచీ. దారి చివర నున్న మనిషికి పూచీ లేదు. ఆ విచారణ మనదే.

కావున సభ్యులు ఈ క్రింది విషయములు పాటింతురు గాక. ఫోనునకు వచ్చిన లింకును నొక్కకముందు పేరును కుడినుండి చదువవలెను. సహాయ ధనము వచ్చినదని, బీమా మంజూరైనదని పంపిన ఎ.పి.కె. దస్త్రమును ఎన్నడును ఫోనులో నెక్కింపరాదు. అది లోపల చేరిన పిదప ఏ ముద్రయు కాపాడజాలదు, ముద్రవేయకముందే అది మన వ్రాతను చదువగలదు. యు.పి.ఐ. లో సొమ్ము పుచ్చుకొనుటకు రహస్యసంఖ్య అక్కరలేదు. రహస్యసంఖ్య అడిగిరన్న మన సొమ్ము పోవుచున్నదని తెలియవలెను. మోసము జరిగినయెడల సిగ్గుపడి దాచక, వెంటనే 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా తెలిపిన, సొమ్మును నిలుపుదల చేయుట కంత అవకాశముండును.

సంఘముల కార్యదర్శులకును ఒక మనవి. తమ సంఘము వ్యవహరించు బ్యాంకు యొక్క సరియైన పేరును, చుక్కలతో సహా, పెద్ద అక్షరములతో వ్రాయించి కార్యాలయపు గోడమీద నుంచవలెను. చదువురాని సభ్యులకు మహాజన సభలో ఈ సంగతులు నోటిమాటగా చెప్పవలెను. నిబంధనలు వ్రాసికొనుట యెంత ముఖ్యమో, వాని హద్దు లెరుగుట అంతకంటె ముఖ్యము. సహకార సంఘమున తనిఖీదారును నియమించుట నిబంధనలమీద అపనమ్మకము వలన గాదు గదా. కంప్యూటరు విషయమున ప్రతి రైతును తన ఖాతాకు తానే తనిఖీదారు కావలయును.